కాలేజీ పిల్లల మానసిక ఆరోగ్యం కోసం బయటివాళ్లని ఎలా కలుపుకోవాలి? చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి

ఉత్తరాంధ్ర_లెక్చరర్:
అందరికీ నమస్కారం అండి. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఈ ఏడాది స్టూడెంట్ వెల్ఫేర్ పని కూడా నాకే ఇచ్చారు. మాకు కౌన్సెలర్ మేడం ఒక్కరే, చాలా మంచావిడ, కానీ ఆవిడ గది పరీక్షల సెక్షన్ పక్కనే ఉంది. అటు వెళ్తే ఎవరో ఒకరు చూస్తారు, రాత్రికల్లా హాస్టల్ అంతా తెలిసిపోద్ది అని పిల్లలు వెళ్లట్లేదు, వెళ్తే హెచ్‌ఓడీకి చెప్తారేమో ఇంటికి ఫోన్ చేస్తారేమో అని ఇంకో భయం. తెలుగు మీడియం నుంచి వచ్చి ఫస్టియర్‌లోనే మూడు నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకుని క్లాసుకి రావడమే మానేసిన పిల్లల్ని చూస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదు. పైవాళ్లని అడిగితే కౌన్సెలర్ ఉన్నారు కదా అంటున్నారు. గవర్నమెంటు ఆసుపత్రితోనో, సేవా సంస్థలతోనో, ఊళ్లోవాళ్లతోనో కలిసి ఏమైనా చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సైకియాట్రీ_పీజీ:
సార్, మొదట మీ డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, ఆఫీసుకి వెళ్లండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది, కాలేజీల్లో కౌన్సెలింగ్, ఆత్మహత్యల నివారణ కూడా దాని పనుల్లోనే ఉన్నాయి కాబట్టి మీరు వాళ్లని ప్రత్యేకంగా సాయం అడుగుతున్నట్టు మొహమాటపడక్కర్లేదు. దగ్గర్లో మెడికల్ కాలేజీ ఉంటే సైకియాట్రీ హెచ్‌ఓడీ గారికి కూడా ఒక లెటర్ పెట్టండి.

ఆసుపత్రితో కాలేజీ రాసుకునే ఒప్పందంలో (ఎంఓయూ) ఇవి తప్పకుండా రాయించండి: ఆసుపత్రికి ఎవరెవరు వచ్చారో పేర్లు కాలేజీకి వెళ్లకూడదు, మార్కులకీ హాజరుకీ క్రమశిక్షణ కమిటీకీ దీనితో ఏ సంబంధం ఉండకూడదు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం ఎవరికి చెప్తారో ముందే పిల్లలకి చెప్పాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత పేషెంట్ హక్కు. ఇది లేకుండా ఎంత పెద్ద డాక్టర్ని తీసుకొచ్చి స్పీచ్ ఇప్పించినా ఫొటోలు తప్ప ఏమీ మిగలదు, నేను అలాంటి క్యాంపులకి వెళ్లాను, మైకు ముందు ఏ పిల్లాడూ నోరు విప్పడు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 హాస్టల్ గదుల్లో కనబడేలా పెట్టండి, 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. రాత్రి రెండింటికి ఏ కౌన్సెలర్ గదీ తెరిచి ఉండదు కదా.

ఓరుగల్లు_పిల్లగాడు:
సార్ నేను చదువుకున్నోణ్ణి, చెప్పేటోణ్ణి కాదు, అయినా ఒక మాట. మా హాస్టల్ల ఎవడన్నా తినుడు బంద్ చేస్తే ఫస్ట్ తెలిసేది మెస్ అన్నకే, రాత్రంతా బయట కూసుంటే తెలిసేది వాచ్‌మెన్ తాతకే. లెక్చరర్లకు నెల తర్వాత హాజరు షీట్ల కనబడుతది. నేను థర్డ్ ఇయర్ల బాగ లేనప్పుడు రోజూ పిలిచి అన్నం పెట్టి నన్ను డాక్టర్ దగ్గరికి పొమ్మన్నది మెస్ అన్ననే, ఆయనకు ఎవ్వరూ ట్రైనింగ్ ఇయ్యలే. అట్లాంటోళ్లను కూసోబెట్టి ఏం అడగాలె, ఏం అనొద్దు, ఎవరికి ఫోన్ చెయ్యాలె అని నేర్పిస్తే పది పోస్టర్ల కన్న నయం. జిరాక్స్ షాపాయన, ప్రైవేట్ హాస్టల్ ఆంటీలు, వీళ్లను గూడ పిలువున్రి.

ఇంకోటి, అందరి బాధ మనసులనే పుట్టదు సార్. రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్ ఆపితే వాడికి ఊపిరి తీసుకొమ్మని నేర్పుడు ఎందుకు, సర్టిఫికెట్ ఇప్పియ్యాలె. వెల్ఫేర్ ఆఫీసరు, ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చే బ్యాంకోళ్లు గూడ మీ పార్టనర్లే.

ఎన్ఎస్ఎస్_మాస్టారు:
పై తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పైవాళ్లని ఒప్పించడానికి 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీసి పట్టుకెళ్లండి, విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన అమ్మాయి చనిపోయిన కేసులో ఇచ్చారు. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలని ఉంది, కానీ అక్కడితో ఆగలేదు. బోధించేవాళ్లకీ, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలని, ఆసుపత్రులకీ హెల్ప్‌లైన్లకీ వెంటనే పంపే పద్ధతి రాసి పెట్టుకోవాలని కూడా ఉంది. అంటే మెస్ వాళ్లకి ట్రైనింగ్ అనేది దయ కాదు, చేయాల్సిన పని.

ఒక్క జాగ్రత్త. మేము ఎన్ఎస్ఎస్ వాలంటీర్లని తోటివాళ్ల మాట వినడానికి పెట్టాం, ఉత్సాహం బాగానే ఉంది గానీ ఇరవై ఏళ్ల పిల్లలు అర్ధరాత్రి దాకా వేరేవాళ్ల ఏడుపు మోసి వీళ్లే కుంగిపోయే ప్రమాదం ఉంది. విని, పెద్దవాళ్లకి అప్పజెప్పడం వరకే వాళ్ల పని, వారానికోసారి కౌన్సెలర్ వాళ్లతో కూర్చోవాలి. అమ్మానాన్నల్ని కూడా ఫస్టియర్ మొదట్లోనే పిలిచి మాట్లాడండి, ఏదో జరిగాక పిలిస్తే వాళ్లు భయంతోనే వస్తారు.

ఉత్తరాంధ్ర_లెక్చరర్:
చాలా థాంక్స్ అండి అందరికీ. డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి లెటర్ రాస్తున్నాను, కౌన్సెలింగ్ గదిని లైబ్రరీ పైఅంతస్తుకి మార్చమని కూడా అడుగుతాను, అక్కడికి ఎవరు ఎందుకెళ్లారో ఎవరూ అడగరు. మెస్ వాళ్ల ట్రైనింగ్‌లో మొట్టమొదట ఏం చెప్పాలి డాక్టరు గారూ?

సైకియాట్రీ_పీజీ:
"చనిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగొచ్చు అని చెప్పండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందనే భయం తప్పు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, తిట్టకూడదు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు. పక్కనే కూర్చుని 14416కి చేయాలి, అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 108. వార్డెన్ నంబరు, మా డ్యూటీ డాక్టర్ లాంటి వాళ్ల నంబరు ఒకే కార్డు మీద వేసి వాళ్ల జేబులో ఉండేలా ఇవ్వండి.