ఉగాది రోటి పచ్చళ్ళ స్టాల్: పెస్టో పని పంచుకుందాం

వంట టీమ్, మారతహళ్ళి (బెంగళూరు):
అందరికీ నమస్కారం. ఈసారి గోంగూర, దోసకాయ పచ్చళ్ళ పక్కన ఇటలీ వాళ్ళ బేసిల్ ఆకు పచ్చడి పెస్టో కూడా పెడదామనుకున్నాం కదా. 40 మందికి రుచి చూపించడానికి కిలో చాలు. కాడలు తీసిన ఇటాలియన్ బేసిల్ ఆకు 250 గ్రాములు, ఆలివ్ నూనె అర లీటరు, చీజ్ తురుము 250 గ్రాములు, జీడిపప్పు 100 గ్రాములు, వెల్లుల్లి, కల్లుప్పు. పెస్టో పుట్టిన ఇటలీ ఊరు జెనోవాలో పైన్ గింజలు వేస్తారు. మనకు వాటి ధర అందదు, జీడిపప్పే వేద్దాం.

దయచేసి ఎవరూ ఇంట్లో మిక్సీ పట్టి డబ్బాల్లో తేవద్దు. నేనోసారి అలా చేస్తే బ్లేడు వేడికి ఆకు నల్లబడింది, నూనె చేదెక్కింది. పెస్టో అన్న పేరే దంచడం, నూరడం అనే మాట నుంచి వచ్చింది. అందరి ముందే రోట్లో నూరుదాం.

సరుకుల టీమ్, జయనగర్:
అక్కా, శనివారం రసెల్ మార్కెట్‌లో అడిగి వస్తాను. బేసిల్ దొరక్కపోతే మా కుండీలో తులసి కోసుకు రానా?

వంట టీమ్:
తులసి వద్దు తమ్ముడూ, లవంగం ఘాటు వచ్చేస్తుంది. సబ్జా గింజలిచ్చే మొక్క అయితే బేసిల్ జాతిదే. ఆకు నలిపి చూడు, తియ్యటి వాసన వస్తే తీసుకో. చీజ్ దగ్గర మాత్రం జాగ్రత్త. అసలైన ఇటలీ చీజ్ పార్మిజానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. మనవాళ్ళలో శాకాహారులు చాలామంది, నమ్మి తింటారు. ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టే కొను. జీడిపప్పు ఉందని బోర్డు నేను రాస్తాను.

రోలు నాది. రోజూ మిరపకాయలు నూరేదే కాబట్టి ముందురోజు కల్లుప్పు, బియ్యం వేసి రెండుసార్లు నూరి కడుగుతాను. ముందు వెల్లుల్లి, జీడిపప్పు మెత్తగా చెయ్యాలి. తర్వాత ఉప్పు, గుప్పెడు గుప్పెడుగా ఆకు. ఆకు మీద నీటి చుక్క ఉండకూడదు. గట్టిగా దంచకుండా రోటి అంచుకు రాస్తూ తిప్పితే ఆకుపచ్చటి రసం ఊరుతుంది. ఆఖరున చీజ్, సన్నటి ధారగా నూనె. పెస్టోని పొయ్యి మీద పెట్టేది లేదు, పాస్తా ఉడికించిన నీళ్ళు రెండు చెంచాలు కలిపితే చాలు. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లోకి. నూనెలో పచ్చి వెల్లుల్లి బయట ఉంచకూడదు.

నూరడానికి ఇంకో ఇద్దరు కావాలి.

సరుకుల టీమ్:
నేనూ, మా అమ్మా వస్తాం. చెక్క పచ్చడిబండ పనికొస్తుందా అని అడుగుతోంది.

వంట టీమ్:
జెనోవాలో వాడేదీ చెక్కదే. అమ్మని తప్పకుండా తెమ్మను. ఉదయం 9 కల్లా హాల్ దగ్గర ఉండండి.