సూపర్ పవర్స్ వచ్చిన పిల్లల కథ నిజంలా ఉండాలంటే ఎవరో ఒకరు చావాల్సిందేనా?

పాత కామిక్స్ పెట్టె:
ఇలాంటి కథలో చావు లేకపోతే అది చిన్నపిల్లల కథే అని ఒక మిత్రుడు వాదించాడు. నేను ఒప్పుకోను. 1963 మార్చి నాటి ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మొదటి సంచిక తీయండి. పీటర్‌ని పెంచిన బెన్ అంకుల్ పోయాడు, ఇంటద్దె కట్టాలి. పీటర్ ముసుగేసుకుని ప్రదర్శన ఇస్తాడు. అసలు పేరు చెప్పలేడు కాబట్టి చెక్కు స్పైడర్‌మ్యాన్ పేరు మీదే తీసుకుంటాడు. బ్యాంకులో గుమస్తా గుర్తింపు అడుగుతాడు. ఒంటి మీది వేషం చూపిస్తే, వేషం ఎవరైనా వేసుకోవచ్చంటాడు. గోడలెక్కే కుర్రాడు కౌంటర్ దగ్గర చెక్కు పట్టుకుని నిలబడిపోతాడు. అదే కథలో మే ఆంటీ నగలు తాకట్టు పెడుతుంది. ఇంతకన్నా నిజం ఏం కావాలి?

నైట్ షిఫ్ట్ రీడర్:
అన్నా, ఆ సిరీస్‌లోనే 1973లో వచ్చిన 121వ సంచిక మర్చిపోయారా? వంతెన మీంచి పడుతున్న తన ప్రియురాలు గ్వెన్ స్టేసీని పీటర్ సాలెదారం వేసి ఆపుతాడు. ఆమె మెడ దగ్గర చిన్న అక్షరాల్లో ‘స్నాప్’ అని ఉంటుంది. ఒక్కసారిగా ఆగిన కుదుపుకే ప్రాణం పోయిందని తర్వాత ఉత్తరాల పేజీలో ఆ కామిక్ వాళ్ళే చెప్పారు. ఆ చావు తీసేస్తే ఏం మిగులుతుంది?

పాత కామిక్స్ పెట్టె:
తీసేయమనట్లేదు తమ్ముడూ. ఆ పేజీలో నన్ను నిద్రపోనివ్వనిది చావు కాదు, కాపాడబోయిన దారమే చంపిందన్న సంగతి. తర్వాత చాలామంది చావును పట్టుకుని ఆ దారాన్ని వదిలేశారు. నా బాధంతా అదే.

జెర్సీ సిటీ అమ్మాయి:
నా ఓటు 2014లో మొదలైన కమలా ఖాన్ కామిక్ ‘మిస్ మార్వెల్’కి. రాసింది జి. విల్లో విల్సన్. మా ఊరి కథే, పాకిస్తానీ కుటుంబంలోని పదహారేళ్ళ పిల్ల. మొదటి పేజీలోనే, తినకూడని బేకన్‌ని, అంటే పంది మాంసాన్ని, కనీసం వాసన చూస్తానంటుంది. పవర్ రాగానే తను ఆరాధించే తెల్లజాతి హీరోయిన్‌లా మారిపోతుంది. తీరా చూస్తే జుట్టు మొహం మీద పడుతుంది, బూట్లు కరుస్తాయి. చివరికి ఒళ్ళంతా కప్పే తన ఈత దుస్తులు, బుర్కినీనే హీరో డ్రెస్‌గా మార్చుకుంటుంది. స్కూల్లో పులిహోర డబ్బా మూత సగమే తీసి తిన్నదాన్ని నేను. ఆ పేజీలు చదివి ఏడ్చాను.

నైట్ షిఫ్ట్ రీడర్:
అక్కా, మీరిద్దరూ మంచి పిల్లల గురించే చెబుతున్నారు. 1982లో కత్సుహిరో ఒతోమో మొదలుపెట్టిన జపాన్ కామిక్ ‘అకీరా’లో తెత్సువో అనే కుర్రాణ్ణి చూడండి. పవర్‌తో పాటు తల పగిలే నొప్పి, దానికి మాత్రలు. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు కనేదా చాటున బతకాల్సి వచ్చిందన్న కసి వేరే. అలాంటివాడి చేతికి పవర్ వస్తే ముందు పాత అవమానమే గుర్తొస్తుంది. హాస్టల్లో ర్యాగింగ్‌కి గురైనవాణ్ణి, నాకు తెలుసు. ఆ ఏడాది నాకే గనక పవర్ వచ్చుంటే అద్దె గురించి ఆలోచించేవాణ్ణి కాదు.

పాత కామిక్స్ పెట్టె:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. నేను మంచి కుర్రాళ్ళ కథలే వెతుక్కుని చదివాను. అయినా తెత్సువో ఊరు కూల్చినప్పటికంటే మాత్రల కోసం తల పట్టుకుని తిరిగినప్పుడే నాకు దగ్గరివాడనిపించాడు. ఆరు సంపుటాలూ మళ్ళీ తీస్తున్నాను. చదివాక ఇక్కడే రాస్తాను.