ఇరవై దాకా ఒప్పజెబుతాడు, ఏడు ఇడ్లీలు లెక్కపెట్టలేడు

వంటింటి నాన్న: మా వాడికి నాలుగేళ్లు. ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. నిన్న పళ్లెంలో ఏడు ఇడ్లీలు పెట్టి లెక్కపెట్టమన్నాను. వేలు మూడో ఇడ్లీ మీదే ఉంది, నోరు ఆరు దాటిపోయింది. చివరికి పదకొండు తేలాయి! "మొత్తం ఎన్ని?" అంటే జవాబు లేదు, మళ్లీ ఒకటి నుంచి మొదలు. మీ ఇళ్లలో ఇది ఎలా దారిలో పడింది?

పాత పంతులమ్మ: కంగారు పడకండి. అంకెలు వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె అనడం ఒక మెట్టు. ఆఖరున పలికిన అంకే మొత్తం అని తెలియడం ఇంకో మెట్టు, అది ఆలస్యంగా వస్తుంది. వేలితో చూపించమనకండి, చేత్తో తీసి వేయమనండి. చింతపిక్కలు స్టీలు గిన్నెలో వేయిస్తూ, ఠంగుమన్నప్పుడల్లా ఒక అంకె. అయ్యాక గిన్నె మీద మూత పెట్టి "లోపల ఎన్ని?" అని అడగండి. కనబడవు కాబట్టి మళ్లీ లెక్కపెట్టే వీలుండదు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే మాత్రం పిక్కలు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. చెంచాలు చాలు.

గవ్వల గలగల: మా అమ్మ వామనగుంటల పీట తీసింది. పద్నాలుగు గుంటలు, గుంటకు నాలుగు పిక్కలు. ఆట సంగతి తర్వాత, నింపడమే మా అమ్మాయికి పెద్ద పని. కొన్నాళ్లకు లెక్కపెట్టకుండానే, చూడగానే "దీంట్లో మూడే ఉన్నాయి" అనసాగింది. అష్టాచెమ్మా దగ్గర మాత్రం గొడవ. నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది అన్నాను. "నాలుగే కదా నాన్నా ఉన్నవి!" అని ఆట మానేసింది. న్యాయం దాని వైపే ఉంది.

డల్లాస్ అమ్మ: మా పాప బడిలో థర్టీన్ విని 31 రాసేది, అందులో మూడు ముందు వినిపిస్తుంది కదా. పదమూడు అంటే పది ముందు, మూడు తర్వాత. అలా పలికిస్తూ రాయించాక తిరగేయడం తగ్గింది. పదకొండు, పన్నెండు మాత్రం బట్టీయే. ఇంకో తమాషా, "రెండు అత్తలు" అంటుంది, బొమ్మల్ని మాత్రం "ముగ్గురు" అంటుంది. నేను దిద్దలేదు.

వంటింటి నాన్న: మూత ఉపాయం అయిదు దాకా పనిచేసింది! కానీ ఈ రోజు కొత్త పేచీ. వాడి ముందే పాలు వెడల్పు గ్లాసులోంచి పొడుగు గ్లాసులోకి వంపాను, ఎక్కువయ్యాయంటున్నాడు.

పాత పంతులమ్మ: పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త పిల్లల దగ్గర గమనించింది అదే. ఆరేడేళ్లు వచ్చేదాకా వాదించి గెలవలేరు. పొడుగు గ్లాసులోనే పోయండి, పాలైనా తాగుతాడు.