కీటకాల ప్రోటీన్, పప్పుధాన్యాల ప్రోటీన్: ఏది మెరుగు?

ప్రశ్న:
ఎండబెట్టిన కీచురాళ్ల పొడిలో 60 శాతానికి పైగా ప్రోటీన్ ఉంటుందని, సోయా గింజల్లో అది సుమారు 36 శాతమేనని చదివాను. ఈ అంకెలను బట్టి కీటకాలే మెరుగైన ఆహారమని నిర్ణయించవచ్చా?

సమాధానం 1:
తొందరపడకండి. ప్రయోగశాలలో సాధారణంగా నత్రజనిని కొలిచి, దానిని 6.25తో గుణించి ప్రోటీన్‌ను లెక్కగడతారు. అయితే కీటకాల పైపెంకులోని కైటిన్‌లో కూడా నత్రజని ఉన్నందున, ప్రోటీన్ కానిది సైతం ఆ లెక్కలో చేరిపోతుంది. అందుకే కొందరు పరిశోధకులు కొన్ని కీటకాలకు 4.76 అనే గుణకాన్ని సూచించారు. ఆ లెక్కన 65 శాతం కాస్తా 50 శాతానికి దిగుతుంది. అది సోయా కంటే ఎక్కువే, కానీ మొదట కనిపించినంత తేడా మాత్రం కాదు. పైగా బతికున్న కీచురాయి బరువులో అధికభాగం నీరే కాబట్టి, ఎండినదానిని ఎండినదానితోనే పోల్చాలి.

సమాధానం 2:
శాతం కంటే నాణ్యత ముఖ్యమని నా అభిప్రాయం. ప్రోటీన్‌ను ఏర్పరిచే అమైనో ఆమ్లాల్లో మెథియోనిన్ పప్పుధాన్యాల్లో, లైసిన్ తృణధాన్యాల్లో తక్కువగా ఉంటాయి. రెండింటినీ ఆహారంలో చేర్చుకుంటే ఆ లోటు తీరుతుంది కనుక, ప్రోటీన్ కోసమే కీటకాలను ఆశ్రయించనవసరం లేదు. మొక్కల ఆహారంలో సహజంగా దొరకని బి12 విటమిన్ కీచురాళ్లలో లభించడం మాత్రం నిజమైన ప్రయోజనమే.

సమాధానం 3:
రొయ్యలు, పీతలు పడనివారు కీటకాలకు దూరంగా ఉండాలి. ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వాటిలోనూ కీటకాల్లోనూ దాదాపు ఒకే రూపంలో ఉండడం వల్ల, అలెర్జీ తీవ్రంగా రావచ్చు.