నగల పెట్టె మూలలు విచ్చుకోకుండా మూత పలకను ఎలా అమర్చాలి?

తీరిక వేళల్లో చెక్కతో నగల పెట్టెలు చేసుకునే నాకు ఇటీవలి టేకు పెట్టె ఒక చిక్కు తెచ్చిపెట్టింది. నాలుగు పక్కలనూ 45 డిగ్రీల కోణంలో కోసి అతికించి, పైన 6 మిల్లీమీటర్ల మందమున్న పలకను గాడిలో దించి, గట్టిగా నిలుస్తుందన్న ఆశతో దాని చుట్టూ కూడా జిగురు పెట్టాను. గాలిలో తేమ పెరగగానే రెండు మూలలు విచ్చుకున్నాయి. చెక్క తేమను పీల్చి పోగులకు అడ్డంగా ఉబ్బుతుందనీ, పోగుల పొడవునా దాదాపు కదలదనీ తెలిసి కూడా అలా చేయడం నా తొందరపాటే.

ఈసారి పలకను గాడిలో వదులుగా ఉంచి, పోగులు ముగిసే రెండు అంచుల నడిమధ్యన మాత్రమే ఒక్కొక్క జిగురు చుక్క వేయాలనుకుంటున్నాను. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకకు ఇరువైపులా ఎంత ఖాళీ విడవాలి? మూలల్లో గాట్లు కోసి పలుచని చెక్క ముక్కలు దింపితే బలం సరిపోతుందా, లేక పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడే డవ్‌టెయిల్ అతుకే మేలా? టేకులోని సహజమైన నూనె జిగురును పట్టనివ్వదు కనుక, అతికించే ముందు అసిటోన్‌తో తుడవడం మీ అనుభవంలో ఎంతవరకు ఉపయోగపడింది?

మరొక సందేహం: మూసి ఉంచే పెట్టెలో నూనె పూత వాసన చాలాకాలం పోదు కాబట్టి లోపల లక్కతో చేసే షెల్లాక్ పూయాలనుకుంటున్నాను. వెల్వెట్ అతికించే చోట ఆ పూత వేయకుండా వదిలేయాలా?