సైట్ ఉద్యోగం మానేసి ఎంటెక్‌లో చేరాలా?

అన్నయ్యలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. మాది టెక్కలి దగ్గర పల్లె. సివిల్ బీటెక్ అయ్యాక రెండేళ్లుగా సైట్ ఇంజినీరుగా చేస్తున్నాను. సెంట్రింగు, స్లాబు పోయించడం, మేస్త్రీలతో బేరాలు, అన్నీ వచ్చు. షెడ్యూలు వేయమన్నా, బిల్లు చేయమన్నా మాత్రం తడబడతాను. అందుకే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదవాలనుంది.

గేట్‌తో (ఎంటెక్ సీట్లకు దేశమంతా రాసే పరీక్ష) చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ రాస్తే ఇంటి దగ్గర్లో సీటు దొరకొచ్చు, కానీ ఆ స్టైపెండ్ ఉండదు. నాన్నేమో "వచ్చే జీతం వదిలేసి మళ్లీ చదువేంట్రా" అంటున్నారు. (ఆయన మాటా తీసిపారేయలేను, చెల్లి పెళ్లి ఉంది.)

మూలపేట పోర్టు, భోగాపురం ఎయిర్‌పోర్టు లాంటి పనుల్లో ఉన్నవాళ్లు చెప్పండి: ప్లానింగ్ వైపు తీసుకునేటప్పుడు ఎంటెక్ చూస్తారా, ప్రిమవెరా (షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటే సరిపోతుందా? రాత్రి ఎనిమిదికి రూముకొచ్చి గేట్‌కి చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?