2017 జాతీయ విజేతలమని యూసీఎఫ్ చెప్పుకోవచ్చా?

శ్రీనివాస్, ఓర్లాండో:
ఇక్కడ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ పాత తగాదా మళ్లీ ఎత్తుతున్నాను. 2017 సీజన్‌లో మా ఊరి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా (యూసీఎఫ్) ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. అగ్రశ్రేణిలో ఆ ఏడాది ఒక్క ఓటమి కూడా లేని జట్టు అదొక్కటే. అయినా జాతీయ విజేతను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు పిలుపు రాలేదు. సెలక్షన్ కమిటీ చివరి జాబితాలో 12వ స్థానంలో పెట్టింది. ఫైనల్లో అలబామా అదనపు సమయంలో 26-23తో జార్జియాను ఓడించి కప్పు ఎత్తింది. యూసీఎఫ్ మాత్రం ‘మేమూ జాతీయ విజేతలమే’ అని ప్రకటించి, డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు జరిపి, స్టేడియంలో బ్యానర్ కట్టింది. అది ముమ్మాటికీ సబబే అంటాను.

2015లో ఇదే జట్టు ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడింది. ఆ తర్వాత కోచ్‌గా స్కాట్ ఫ్రాస్ట్ వచ్చాడు. 2016లో 6 గెలుపులు, 7 ఓటములు. మరుసటి ఏడాది ఓటమే లేదు. చివర్లో పీచ్ బౌల్ అనే సీజన్ ముగింపు మ్యాచ్‌లో ఆబర్న్‌ను 34-27తో ఓడించారు. అదే ఆబర్న్ నవంబర్‌లో జార్జియాను 40-17తో, అలబామాను 26-14తో ఓడించింది. అంటే ఫైనల్ ఆడిన రెండు జట్లనూ మట్టికరిపించిన జట్టు మావాళ్ల చేతిలో ఓడింది. ఇంతకన్నా ఏం చేసి చూపించాలి?

కిరణ్, అట్లాంటా:
శ్రీనివాస్ గారూ, గొప్ప సీజనే, కాదనను. కానీ ఆబర్న్ కథ సగమే చెప్పారు. డిసెంబర్‌లో ఎస్‌ఈసీ (ఈ మూడు జట్లూ ఆడే కాన్ఫరెన్స్, అంటే కొన్ని యూనివర్సిటీల లీగ్) ఫైనల్లో అదే ఆబర్న్‌ను జార్జియా 28-7తో ఓడించింది. ‘వాణ్ని ఓడించినవాణ్ని మేం ఓడించాం’ అని గొలుసు కడుతూ పోతే ఏటా అరడజను మంది విజేతలు తేలతారు.

ఎవరితో ఆడారన్నది కూడా చూడాలి. రెగ్యులర్ సీజన్‌లో పెద్ద కాన్ఫరెన్స్ నుంచి ఎదురైంది మేరీలాండ్ ఒక్కటే, అదీ ఆ ఏడాది 12లో 8 ఓడిన జట్టు. సౌత్ ఫ్లోరిడా మీద 49-42, మెంఫిస్ మీద రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 62-55. చూడ్డానికి భలే మ్యాచ్‌లు, కానీ డిఫెన్స్ ఎలా ఉందో ఆ స్కోర్లే చెబుతున్నాయి.

మన రంజీ ట్రోఫీనే తీసుకోండి. 2023-24లో హైదరాబాద్ కింది స్థాయి అయిన ప్లేట్ గ్రూపులో ఆడింది. అరుణాచల్ మీద తన్మయ్ అగర్వాల్ 366 కొట్టాడు, ఫైనల్లో మేఘాలయను ఓడించి ప్లేట్ టైటిల్ గెలిచారు. అంతమాత్రాన ‘రంజీ చాంపియన్లం’ అని ఉప్పల్లో బ్యానర్ కట్టారా?

పద్మజ, డాలస్:
కిరణ్ గారూ, మీ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. ప్లేట్ గెలిస్తే తర్వాతి సీజన్‌కు పై స్థాయి అయిన ఎలీట్‌లోకి పంపుతారు. ఏం గెలిస్తే పైకి వెళ్తారో మొదటి బంతి పడకముందే అందరికీ తెలుసు. కాలేజీ ఫుట్‌బాల్లో ఆ మెట్టే లేదు. పెద్ద కాన్ఫరెన్స్ వాళ్లు పిలిస్తేనే వెళ్లాలి. యూసీఎఫ్‌కు బిగ్ 12 అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో చోటు దొరికింది 2023లో, అప్పటికి ఆ కుర్రాళ్ల చదువులు కూడా అయిపోయాయి.

బలమైన జట్లతో ఆడలేదంటున్నారు. ఆ ఏడాది జార్జియా టెక్‌తో మ్యాచ్ ఉండింది, ఇర్మా తుపాను వల్ల రద్దయింది. తుపానుకు వాళ్లేం చేస్తారు? ఇంకో సంగతి. ప్లేఆఫ్‌లోకి వెళ్లిన అలబామా ఎస్‌ఈసీలో తన సొంత డివిజన్ (విభాగం) కూడా గెలవలేదు, ఎస్‌ఈసీ ఫైనల్ ఆడనే లేదు. ఒకరికి ఓటమిని మన్నించి, ఇంకొకరికి ఎంపిక నాటికి ఉన్న 12 గెలుపులూ చాలవంటే అది పోటీ ఎలా అవుతుంది? నాలుగు జట్ల ప్లేఆఫ్ నడిచిన పదేళ్లలో చిన్న కాన్ఫరెన్స్ నుంచి లోపలికి వెళ్లింది 2021లో సిన్సినాటి ఒక్కటే.

రఘు, విశాఖపట్నం:
ఈ పంచాయితీలో ఆటగాళ్లను మర్చిపోతున్నారు. నాలుగేళ్ల వయసులోనే ఎడమ చెయ్యి తీసేసినా డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడిన షకీమ్ గ్రిఫిన్ ఆ జట్టులోవాడే. ఆబర్న్ మీద డిఫెన్స్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2018 డ్రాఫ్ట్‌లో అతన్ని సియాటిల్ సీహాక్స్ తీసుకుంది. కిరణ్ గారూ, ఆ మ్యాచ్ ఒక్కసారి పూర్తిగా చూసి అప్పుడు ఆ డిఫెన్స్ గురించి మాట్లాడండి.

కిరణ్, అట్లాంటా:
గ్రిఫిన్ అంటే నాకూ చాలా గౌరవం. పద్మజ గారు చెప్పిన అన్యాయం కూడా నిజమే, అది వ్యవస్థ తప్పు. 2024 నుంచి 12 జట్ల ప్లేఆఫ్ వచ్చింది, మొదటి ఏడాదే చిన్న కాన్ఫరెన్స్ జట్టయిన బోయిసీ స్టేట్‌కు చోటు దొరికింది. కానీ వ్యవస్థ తప్పయినంత మాత్రాన టైటిల్ ఎవరికి వాళ్లు ఇచ్చుకుంటారా? విలేకరుల ఓట్లతో తేలే ఏపీ పోల్‌లో కూడా యూసీఎఫ్ ఆరో స్థానమే కదా. పైగా 2018 సీజన్‌లోనూ ఓటమి లేకుండా ఫియెస్టా బౌల్ దాకా వచ్చి, అక్కడ లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) చేతిలో 40-32తో ఓడారు.

శ్రీనివాస్, ఓర్లాండో:
ఆ ఫియెస్టా బౌల్‌కు మా దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ మెకెంజీ మిల్టన్ లేడు. అంతకుముందు నవంబర్‌లో కాలికి ఘోరమైన గాయమైంది. అయినా ఒక ఏడాది ఓటమి ముందటి ఏడాది గెలుపును చెరిపేయదు. ఏపీ పోల్‌లో ఆరో స్థానమే, నిజం. కానీ నలుగురు మొదటి స్థానం ఓటు మాకే వేశారు.

‘ఎవరికి వాళ్లు ఇచ్చుకుంటారా’ అన్నారు. ఈ ఆటలో మొదటి నుంచీ జరుగుతున్నదే అది! అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌కు కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ స్వయంగా జాతీయ టైటిల్ ఇవ్వదు. ఏ ర్యాంకింగ్ సంస్థ ఎవరికి మొదటి స్థానం ఇచ్చిందో తన రికార్డు పుస్తకంలో రాసుకుంటుంది. 2017కి కోలీ మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ ర్యాంకింగ్ యూసీఎఫ్‌ను మొదటి స్థానంలో పెట్టింది, ఆ సంగతి ఆ పుస్తకంలో ఉంది.

ఇక అలబామా చరిత్ర చూడండి. 1941లో ఆ జట్టు రెండు మ్యాచ్‌లు ఓడింది, ఏపీ పోల్‌లో 20వ స్థానం. మొదటి స్థానంలో ఉన్న మిన్నెసోటాకు ఒక్క ఓటమీ లేదు. అయినా అలబామా ఇవాళ్టికీ 1941ని తన జాతీయ టైటిళ్లలో లెక్కేసుకుంటోంది. దాన్ని తీసేయమని మీరు అడగండి కిరణ్ గారూ, 2017ని తీసేయమని నేనూ అడుగుతాను. అప్పటిదాకా మా బ్యానర్ ఉండాల్సిందే.